తెరచాప మీద అతుకులు

జూన్ 3, సోమవారం

రెండు వారాల పాటు నోరు విప్పకూడదు. గుసగుసలు కూడా పనికిరావట. మామూలు మాట కంటే గుసగుసే గొంతుకి ఎక్కువ చేటు చేస్తుందని డాక్టరమ్మ చెప్పింది. నోట్లో నువ్వు గింజ నానని మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది? అందుకే ఈ డైరీ. ఎక్కడో ఒకచోట వాగకపోతే నాకు అన్నం అరగదు.

గొంతులో మాట పుట్టే చోట రెండు కాయలు కాశాయి. శుక్రవారం తీసేశారు. "గొంతు ఎప్పట్నుంచి బొంగురుపోతోంది?" అని ఆపరేషన్‌కి ముందు అడిగింది. ఈ వేసవి నుంచే అన్నాను. నిజమే కదా. పదిహేడేళ్ళుగా పదకొండేళ్ళ పిల్లాడికి డబ్బింగ్ చెబుతున్నాను, వాడు చుక్కాని పట్టినప్పుడల్లా అరుస్తాడు, దెయ్యం కనబడితే ఇంకా అరుస్తాడు, అన్ని అరుపులకి కాయలు కాయక పూలు పూస్తాయా అన్నాను. ఆవిడ నవ్వలేదు. "కారణం ఏదైనా సరే, అలవాటు మారకపోతే మళ్ళీ వస్తాయి. రెండోసారి తీస్తే ఈ గొంతు మీకు తిరిగి దొరకదు" అంది.

యుద్ధాల అరుపులు మానేస్తాను, అంతే. చివరి భాగంలో యుద్ధాలు తక్కువట. అంతా కలిసొచ్చింది.


జూన్ 4, మంగళవారం

స్టూడియో నుంచి డైరెక్టర్ గారు చూడ్డానికి వచ్చారు. పళ్ళు తెచ్చారు, పళ్ళ అడుగున పని కూడా తెచ్చారు.

మా యానిమే, అదే జపాన్ వాళ్ళ బొమ్మల సీరియల్, చివరి భాగం వస్తోంది. ఒక పడవ, దాంట్లో ఒక బుడ్డోడు, వాడి అక్క, పడవ నడిపే తాత. గాలి దొంగలు ఎత్తుకుపోయిన గాలుల్ని వెతుక్కుంటూ దీవి తర్వాత దీవి తిరుగుతారు. ఇన్నేళ్ళూ తిరుగుతూనే ఉన్నారు. ఇప్పుడు ఇంటికెళ్తారట. వెళ్ళేముందు అందరూ కూర్చుని "ఆ తుఫాను అప్పుడు నీకెన్నేళ్ళు", "తాత పోయిన రెండేళ్ళకి" అంటూ పాత సంగతులన్నీ తవ్వుకుంటారు. ఆ మాటలకీ పాత భాగాల్లో మేం చెప్పిన మాటలకీ పొంతన కుదరాలి. కుదరకపోతే చూసేవాళ్ళు ఊరుకోరు, వాళ్ళకి మాకంటే బాగా గుర్తుంటుంది.

"మొదట్నుంచీ ఉన్నది మీరొక్కరే. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది, ఒక వరస కట్టి ఇవ్వండి. ఎలాగూ మాట్లాడలేరు కదా" అన్నారు.

పలక మీద రాసి చూపించాను. చివరి భాగంలో బుడ్డోడికి ఎవరు చెబుతారు?

ఆయన కాసేపు నీళ్ళు నమిలారు. "మీ గొంతు వస్తే మీరే. నెలాఖరుకి ఒకసారి మైకు ముందు నిలబెట్టి వింటాం. ముందుజాగ్రత్తకి ఒక కొత్తమ్మాయిని కూడా విన్నాం లెండి." మంచి మనిషే, అబద్ధం చెప్పడం రాదు. ఆ అమ్మాయి బాగా చెప్పిందని ఆయన ముఖమే చెప్పింది.

భయంగా ఉంది. ఇది రాయడానికి ఇంత చోటు చాలు.


జూన్ 5, బుధవారం

నా దగ్గరున్న డ్రైవ్‌లో పాత భాగాలన్నీ డబ్బింగ్ చెప్పిన వరసలోనే ఉన్నాయి. హాల్లో టీవీకి తగిలించి మొదట్నుంచీ పెట్టాను. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను, ప్రతి మాటా వినాలి కదా. పాత కేలండర్ల వెనక వైపు తెల్లగా ఉంటే వాటిని గోడకి వరసగా అంటించాను. మా ఆయన పని నుంచి వచ్చి, "గోడకి పాపం ఏం జబ్బు చేసింది?" అన్నాడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. రోజంతా గోడల మధ్య వేలాడి వస్తాడు కాబట్టి ఇంటి గోడలంటే కాస్త ప్రేమ.

ఇల్లు నిశ్శబ్దంగా ఉందని ఆయన మురిసిపోతున్నాడు. పైకి అనడం లేదు, ఈల వేస్తున్నాడు.


జూన్ 6, గురువారం

తాత చచ్చిపోయాడు. తర్వాతి భాగంలో సూప్ కాస్తున్నాడు. తలనొప్పి.


జూన్ 7, శుక్రవారం

తలా తోకా లేని కథ. బుడ్డోడికి కనుబొమ్మ మీద గాయం మచ్చ పడుతుంది, మాయమవుతుంది, మళ్ళీ వస్తుంది. అక్క ఒకసారి "అమ్మ వెళ్ళినప్పుడు నీకు ఐదేళ్ళు" అంటుంది, ఇంకోసారి "నువ్వప్పటికి పుట్టనేలేదు" అంటుంది. ఒకే ఏడాదిలో మూడు చలికాలాలు వచ్చాయి. వీటిలో కొన్ని నేనే చెప్పాను, మిగతావి నా పక్కనే చెప్పారు, అప్పుడు ఒక్కటీ వింతగా అనిపించలేదు. మైకు ముందు పెదాల కదలిక చూసుకోవడానికే టైము సరిపోదు, కథ ఎవరు చూస్తారు?

అత్తయ్య చూస్తుంది. ఆరేళ్ళ కింద కుట్టు దుకాణం మూసేసి మా దగ్గరికి వచ్చింది. అప్పట్నుంచి సాయంత్రం నా బుడ్డోడు టీవీలో కనబడితే చాలు, ముందుకు జరిగి కూర్చుంటుంది, అయిపోగానే "బాగా చేశావమ్మాయ్" అంటుంది. ఈసారి కూడా పక్కన కూర్చుంది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను కదా, టీవీలోంచి శబ్దం రాదు. ఆ సంగతి నాకు మధ్యాహ్నం దాకా తట్టలేదు. ఆవిడకి అసలు తట్టలేదు.

మధ్యలో ఆవిడ, "వాళ్ళమ్మకి ఈ ఆకుపచ్చ గౌను నప్పలేదు" అంది.

ఎవరమ్మ, అని రాశాను.

"ఈ పిల్లాడి అమ్మ. జడ వేసుకుంది చూడు."

ఆవిడ వాడి అక్క అత్తయ్యా, అని రాశాను.

అత్తయ్య పలక వైపు చూసింది. తర్వాత తెర వైపు చూసింది. "అక్కా? మరి అంతలా తిడుతుందేం?" అంది. ఆ తర్వాత కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టింది, అది శుభ్రంగానే ఉంది.

ఆవిడకి చెవులు కాస్త మందమని అందరికీ తెలుసు. కాస్తే అనుకున్నాం. ఆరేళ్ళుగా ఆవిడ బొమ్మలు చూసి తన కథ తనే అల్లుకుంది. ఆవిడ కథలో తాత అసలు చచ్చిపోడు, వేరే ఊళ్ళో పనికి వెళ్తాడు.


జూన్ 8, శనివారం

మా ఆయన్ని అడిగాను. "అమ్మకి చెవుడు కాదు, వినాలనిపించదంతే" అన్నాడు. ఆ వెంటనే వంటింట్లోంచి "అమ్మా, టీ!" అని వీధి చివరికి వినపడేలా అరిచాడు.

ఆవిడకి ఒక చెవి మిషను కూడా కొన్నారు, వచ్చిన కొత్తలోనే. ఎక్కడో పోయిందంటుంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఈ వారంలో అత్తయ్యా నేనూ మాట్లాడుకున్నంత ఈ ఆరేళ్ళలో మాట్లాడుకోలేదు. నేను పలక మీద రాస్తాను, ఆవిడ చదివి జవాబు చెబుతుంది. "నువ్వు నోరు మూసుకున్నాక నీతో మాట్లాడ్డం హాయిగా ఉందే కోడలా" అంది. ఇద్దరం నవ్వాం. నేను నవ్వకూడదు, కాబట్టి భుజాలు మాత్రం ఊపాను.


జూన్ 10, సోమవారం

ముడి విడింది. విప్పింది నేను కాదు.

పొద్దున్న చచ్చిన తాత భాగాన్నీ సూప్ తాత భాగాన్నీ పక్కపక్కన పెట్టుకుని జుట్టు పీక్కుంటున్నాను. కల అనుకోవాలా? అక్క అబద్ధం చెప్పిందనుకోవాలా? అత్తయ్య బఠానీలు వలుస్తూ చూస్తోంది. "సూపు ముందు, తాత వెళ్ళిపోవడం తర్వాత" అంది.

ఎలా తెలుసు, అని రాశాను.

"తెరచాప చూడు."

చూశాను. పడవ తెరచాపకి అతుకులున్నాయి. అవి అక్కడుంటాయని తెలుసు, ఎప్పుడూ పట్టించుకోలేదు.

"సూపు కాచినప్పుడు మూడు అతుకులే ఉన్నాయి. తాత వెళ్ళిపోయినప్పుడు ఎర్ర గుడ్డది కూడా ఉంది, నాలుగు. వేసిన అతుకు ఎవరూ విప్పరమ్మాయ్. అతుకులు పెరుగుతాయి కానీ తగ్గవు. గాలివానలో చిరిగింది, కుట్టారు. ఆ పిల్ల కుడుతుంది, అక్క. కుట్టు దూరం దూరంగా వేస్తుంది, ఓపిక తక్కువ."

అప్పుడర్థమైంది. అసలు తీసినవాళ్ళు ముందు వెనకలు కలిపి చెప్పారు, మా చానల్ వాళ్ళు దొరికినవి దొరికినట్టు వేశారు, మేం వచ్చినవి వచ్చినట్టు చెప్పేశాం. బొమ్మలు గీసినవాళ్ళు మాత్రం అతుకులు మర్చిపోలేదు. మాటలు ఎన్ని తప్పులు చెప్పినా గుడ్డ తప్పు చెప్పలేదు.

సాయంత్రం దాకా ఆవిడ అతుకులు చెబుతుంటే నేను కాగితాలు మార్చి అంటించాను. మచ్చ సరిపోయింది. చలికాలాలు మూడూ మూడేళ్ళయ్యాయి. అంటే మా బుడ్డోడు పదకొండు దగ్గర ఆగిపోలేదు, పెరుగుతూనే ఉన్నాడు, ఎవరూ లెక్క పెట్టలేదంతే. సంతోషంతో అత్తయ్య బుగ్గ గిల్లాను. ఆవిడ బఠానీ విసిరింది.


జూన్ 11, మంగళవారం

ఒక్కటి కుదరడం లేదు. దీపస్తంభం భాగం. తాత లేడు, అక్క పెద్దదైంది, అంటే ఆఖర్లో ఉండాలి. తెరచాప చూస్తే ఒక్క అతుకు లేదు, తెల్లగా ఉంది. పొద్దుట్నుంచి మీనమేషాలు లెక్కపెడుతున్నాను. కాలం వెనక్కి నడిచిందా, వేరే లోకమా, ఇదంతా ఎవరి కల అని మూడు కాగితాలు నింపాను.

అత్తయ్యకి చూపించాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది.

"కొత్త తెరచాప కొనుక్కున్నారమ్మా."


జూన్ 12, బుధవారం

వరస పూర్తయింది. ఒక చిక్కు మిగిలింది, అది నాది.

కొత్త వరసలో భాగాలు ముందుకీ వెనక్కీ జరిగాయి కదా, వరసగా వింటుంటే బుడ్డోడి గొంతు ఒకచోట గలగలమంటుంది, తర్వాతి దాంట్లో గరగరమంటుంది, మళ్ళీ తేటపడుతుంది. సౌండ్ చూసుకునే అతనికి చెప్పాలి. గరగర ఉన్న భాగాలన్నిటి కిందా నీలం పెన్సిల్‌తో గీత గీశాను. తర్వాత కొత్త వరసని పుస్తకంలో ఎక్కించుకుని, కాగితాల్ని తిరిగి డబ్బింగ్ చెప్పిన వరసలో అంటించి చూశాను.

ఈ వేసవి కాదు. ఆరేళ్ళ కిందే మొదలైంది.

పెద్ద యుద్ధం అంతకు రెండేళ్ళ ముందుది. దాంట్లో అంత అరిచాను కదా, గొంతు గాజులా ఉంది. గరగర మొదలైంది చేపల దీవి భాగాల్లో. అక్కడ ఎవరూ అరవరు. బుడ్డోడు గట్టు మీద కూర్చుని గాలం వేసి చేపతో మెల్లగా మాట్లాడతాడు.

ఆ ఏడాది ఏమైంది? స్టూడియో మారలేదు. మైకు మారలేదు.

ఏసీ మార్చారనుకుంటా. ఏసీయే అయ్యుంటుంది.


జూన్ 13, గురువారం

ఏసీ కాదు.

నాకు తెలుసు. నిన్న రాస్తున్నప్పుడే తెలుసు. పొద్దున్న లేస్తూనే "అత్తయ్యా, నీళ్ళు కాగాయి!" ఎవరైనా వస్తే "అత్తయ్యా, మీకోసమే!" కూరలో ఉప్పు, తలుపు గడియ, మందుల వేళ, అన్నీ కేకలే. మా ఇంట్లో మాట అంటే కేక. స్టూడియోలో గంటో రెండు గంటలో అరిస్తే, దానికి మంచినీళ్ళూ విరామమూ ఉంటాయి. ఇంట్లో మిగతా రోజంతా అరిచాను.

మళ్ళీ నోరు తెరిచిన రోజు నుంచి అదే మొదలు. ఆరు నెలలకి కాయలు. డాక్టరమ్మ రెండోసారి గురించి ఏమందో గుర్తుంది.

ఈ మాట అత్తయ్యకి చెప్పను. చెబితే మనిషి కుంచించుకుపోతుంది. రేపు పెట్టె సర్దుకుని ఎక్కడో ఒక అద్దె గదికి వెళ్ళిపోతానంటుంది, ఆవిడ సంగతి నాకు తెలుసు. ఈ గోడ మీద నీలం గీతలు చెరిపేయాలి. పెన్సిల్ గీతలే కదా.


జూన్ 14, శుక్రవారం

చెరపడం ఆలస్యమైంది. పొద్దున్న స్నానం చేసి వచ్చేసరికి అత్తయ్య గోడ ముందు నిలబడి ఉంది.

"ఈ నీలం గీత ఏంటి?"

నా గొంతు, అని రాసి, వెంటనే ఎందుకు రాశానా అనుకున్నాను.

"ఇది చేపల దీవి. నేను వచ్చిన కొత్తలో వేశారు ఇది. నా పెట్టె ఇంకా విప్పలేదు, దాని మీదే కూర్చుని చూశాను." వేలు పెట్టి గీత వెంటే నడిచింది, గోడ చివరి దాకా. "ముందు లేదు. అప్పట్నుంచి ఉంది."

తుడిచి రాశాను. యుద్ధాల వల్ల.

"ఇందులో యుద్ధం ఎక్కడుందమ్మాయ్? చేపలు పడుతున్నాడు."

రాసింది తుడిచేశాను. అత్తయ్య మంచం మీద కూర్చుంది.

"ఒకటి చెబుతా, నవ్వకు. నువ్వు మంచిదానివే కానీ ముక్కు మీద కోపం అనుకునేదాన్ని. నువ్వు మెల్లగా అన్నవేవీ నా దాకా రాలేదు. వచ్చినవన్నీ అరుపులే. అరిచే మనిషి ముఖం ఎలా ఉంటుంది చెప్పు, కోపంగానే ఉంటుంది. ఈ పది రోజులూ నువ్వు రాస్తుంటే చదివి, ఇంత సరదా మనిషి ఇన్నాళ్ళూ ఎక్కడుందా అనుకున్నాను. నీ గొంతెలా ఉంటుందో నాకు తెలీదే. నువ్వు చెప్పిన ఆ పిల్లాడి గొంతూ తెలీదు. బాగా చేశావని అన్నానే, అది నీ ముఖం చూసి అన్నాను."

నాకు ఏడుపొచ్చింది. గొంతు కదలకుండా ఏడవడం ఎలాగో డాక్టరమ్మ చెప్పలేదు. కన్నీళ్ళు వాటంతటవే కారాయి, ఆవిడ తన కొంగుతో తుడిచింది.

అప్పుడు లేచి బొత్తాల డబ్బా తెచ్చింది. కుట్టుపని మానేసినా ఆ డబ్బా వదల్లేదు. మంచం మీద కుమ్మరించింది. పెద్ద బొత్తాలు, చిన్న బొత్తాలు, హుక్కులు, వాటి మధ్యలో చెవి మిషను.

"పెట్టుకున్న రోజు కీచుమంది. బజార్లో అందరూ తిరిగి చూశారు. దుకాణం పోయింది, ఇల్లు పోయింది, ఇప్పుడు చెవులు కూడా పోయాయని అందరికీ తెలియాలా అనిపించింది. డబ్బాలో పడేశాను."


జూన్ 15, శనివారం

మా ఆయన మిషనుకి కొత్త బ్యాటరీ వేసి, పూటంతా దానితోనే కూర్చున్నాడు. లిఫ్టు తలుపు కూడా ఇంత సతాయించదన్నాడు. చెవిలో పెట్టే రబ్బరు బుడిపె పాతదై వదులైందట, అందుకే కీచుమంటోంది. అత్తయ్యని చెవి మిషన్ల దుకాణానికి తీసుకెళ్ళి కొలత తీయించి కొత్తది వేయించాడు.

ఇంటికి రాగానే ఆవిడ ఫ్రిజ్ చూసి "అదేంటి, ఏడుస్తోంది?" అంది. తన చెప్పుల చప్పుడుకి తనే ఉలిక్కిపడింది. మా ఆయన అలవాటుగా వంటింట్లోంచి "అమ్మా!" అని అరిచాడు. ఆవిడ రెండు చెవులూ మూసుకుని, "నీకేమన్నా చెవుడా?" అంది. ఆయన నోరెళ్ళబెట్టాడు. కాసేపటికి బయటికొచ్చి, అమ్మ పక్కన కూర్చుని, మామూలుగా అడిగాడు. టీ కావాలా అని. అడిగి, తల పక్కకి తిప్పుకున్నాడు.

రాత్రి భోజనాలయ్యాక చేపల దీవి పెట్టాం, ఈసారి హెడ్‌ఫోన్లు లేకుండా. బుడ్డోడు గాలం వేసి, "నిన్ను పట్టుకోనులే, ఊరికే కాసేపు కూర్చో" అని చేపతో అంటాడు.

"ఎవరిదీ గొంతు?" అంది అత్తయ్య.

"నీ కోడలిదేనమ్మా" అన్నాడు మా ఆయన.

ఆవిడ నా వైపు చూడలేదు. తెర వైపే చూసింది. అక్క మాట్లాడినప్పుడు "ఓహో, నిజంగా అక్కే" అంది. తాత చచ్చిపోయే భాగం వద్దంది. అది మాత్రం తన కథ ప్రకారమే ఉంచుకుంటుందట.


జూన్ 16, ఆదివారం

డైరెక్టర్ గారికి వరస పంపాను. అతుకుల సంగతి చదివి ఫోన్ చేశారు. నేను మాట్లాడలేను కదా, స్పీకర్ పెట్టాను, ఆయనే మాట్లాడారు. కొత్త తెరచాప దగ్గరికొచ్చేసరికి నవ్వాపుకోలేకపోయారు. "ఇది ఎవరు కనిపెట్టారు? టైటిల్స్‌లో పేరు వేద్దాం" అన్నారు. పక్కనే ఉన్న అత్తయ్యకి వినబడింది. మొదటిసారి, ఫోన్లో మాట. "పేరొద్దు కానీ, ఆ పిల్లకి కాస్త దగ్గరగా కుట్టమని చెప్పండి" అంది.

కొత్తమ్మాయి గురించి ఆయన ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. నెలాఖరు నెలాఖరుకి వస్తుంది.


జూన్ 17, సోమవారం

డాక్టరమ్మ గొంతులోకి దీపం వేసి చూసింది. గాయం బాగా మానిందట. "ఇప్పుడు చెప్పండి, ఎప్పట్నుంచి బొంగురుపోతోంది?" అని మళ్ళీ అడిగింది, ఏదో అనుమానం ఉన్నట్టే. పలక మీద ఆరేళ్ళ నుంచి అని రాశాను. కారణం కూడా రాశాను. చదివి, మొదటిసారి నవ్వింది.

"ఇవాళ్టి నుంచి కాసిని మాటలు. అరవొద్దు, గుసగుసలాడొద్దు. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడండి, చాలు" అంది. అక్కడే ఒక మాట అనమంది. నేను తల అడ్డంగా ఊపాను. మొదటి మాట దాచుకున్నాను.

దారి పొడుగునా భయపడ్డాను. గొంతు రాకపోతే? వచ్చినా నాది కాకపోతే? మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగాను.

అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని మా ఆయన చొక్కాకి బొత్తం కుడుతోంది. వీపు నా వైపుంది. గుమ్మంలోనే నిలబడ్డాను. ఈ ఆరేళ్ళలో అదే గుమ్మంలోంచి ఎన్ని కేకలు పెట్టానో. ఊపిరి తీసుకుని, పక్కన కూర్చున్న మనిషిని పిలిచినట్టు పిలిచాను.

"అత్తయ్యా."

చిన్న గొంతు. కొంచెం కొత్తగా ఉంది, కానీ గరగర లేదు.

సూది ఆగింది. ఆవిడ వెనక్కి తిరగలేదు, దారం పళ్ళతో తెంపి, అప్పుడంది.

"మెల్లగానే అమ్మాయ్, వినపడుతోంది."